పేడ గ్యాసుకు సాయం, చెత్త కాలిస్తే జరిమానా

గోబర్ గ్యాస్ కట్టించుకుంటే సర్కారు ఎంత ఇస్తుందని పాతపాళ్య వైపు నుంచి మన సభ్యులు తరచు అడుగుతుంటారు. కేంద్రం 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ బయోఎనర్జీ కార్యక్రమం ప్రకారం 2 నుంచి 4 ఘనమీటర్ల ఇంటి ప్లాంటుకు మన రాష్ట్రంలో 14,350 రూపాయలు. ఆ కార్యక్రమాన్ని 2025-26 వరకే ప్రకటించారు. కాబట్టి గుంట తవ్వకముందే తాలూకా పంచాయతీలో ఇప్పటి లెక్క అడగండి.

డబ్బుకంటే ముందు చూసుకోవలసింది పేడ. 2 ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, దాదాపు అంతే నీళ్ళు కావాలి. ఒక ఆవు 10 కిలోలు వేస్తుందనుకున్నా కొట్టంలో నాలుగైదు పశువులు ఉండాలి. మా ఇంట్లో పశువులు అమ్మేశాక ఆ గుంట ఎండిపోయింది. ఇప్పుడు దాని మీద కట్టెలు పేర్చుకుంటున్నాం.

ఈ విషయంలో మన బాగేపల్లి పేరు ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళింది. కూలీ సంఘం కుటుంబాల కోసం 5,500 ఇంటి ప్లాంట్లు కట్టే పథకం 2005 డిసెంబరులో క్యోటో ఒప్పందం కింద నమోదైంది. అప్పటికి మనది ఇంకా కోలారు జిల్లానే. కట్టెలు, కిరసనాయిలు తగ్గితే పొగ తగ్గుతుంది, ఆ తగ్గిన పొగకు కార్బన్ క్రెడిట్లు వస్తాయి. గుంట తవ్వినందుకు కాదు, పొయ్యి వెలిగినందుకే లెక్క. పాడైపోయిన ప్లాంటుకు క్రెడిటు లేదు, అందుకే మరమ్మతు మీద శ్రద్ధ ఉండేది. సబ్సిడీలో నాకు కనిపించే లోటు ఇదే: కట్టాక ఎవరూ తిరిగి చూడరు. కార్బన్ మార్గానికీ ఓ కష్టం వచ్చింది. 2012 నాటికి ఆ క్రెడిట్ల ధర ప్రపంచమంతా కుప్పకూలింది.

ఇక జరిమానా సంగతి. బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న ఆదేశించింది. చింతామణి, చిక్కబళ్ళాపుర, బాగేపల్లి పట్టణాల్లో ఉన్నవారు మరీ జాగ్రత్త. ఆకులే కదా అని అగ్గిపుల్ల గీయకండి, పెంటదిబ్బలో వేయండి.

మన సంఘానికి సంబంధించినది మరొకటి ఉంది. లైసెన్సు లేని చోట వందమందికి మించి కూడితే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలపాలని, తడి, పొడి చెత్త వేరుచేయాలని 2016 నిబంధనల్లో చెప్పారు. ఉగాది భోజనాల విస్తళ్ళకు విడిగా ఒక గంప పెట్టే పని ఎవరు చూసుకుంటారో ముందే చెప్పండి.