సామాజిక గుర్తింపు సిద్ధాంతం

'నేనెవరు' అన్న ప్రశ్నకు మనిషి చెప్పుకునే జవాబులో అతని సమూహాలకు ఉన్న వాటాను వివరించే మనస్తత్వశాస్త్ర సిద్ధాంతం. హెన్రీ టాజ్‌ఫెల్ (1919–1982), ఆయన శిష్యుడు జాన్ టర్నర్ 1970లలో దీన్ని రూపొందించారు.

టాజ్‌ఫెల్ పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైనికుడిగా జర్మన్లకు పట్టుబడి, తన పోలిష్ మూలాలు దాచి ప్రాణం దక్కించుకున్నారు. తిరిగి వచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆయన సిద్ధాంతాన్ని ఈ గతం నుంచి విడదీసి చదవలేం.

బ్రిస్టల్‌లో టాజ్‌ఫెల్, ఆయన సహచరులు బడిపిల్లలకు చిత్రకారులు పాల్ క్లే, కాండిన్‌స్కీ గీసిన బొమ్మలు చూపించి, ఏవి నచ్చాయో అడిగి, రెండు జట్లు చేశారు. నిజానికి ఆ విభజన చీటీలు తీసినట్టే జరిగింది. తర్వాత పిల్లలు ఇతరులకు పాయింట్ల రూపంలో డబ్బు పంచాలి. తమకేమీ రాదు, ఎవరికి ఇస్తున్నారో తెలియదు, జట్టు మాత్రమే తెలుసు. ఒక పట్టికలో తమ జట్టువాడికి 19, అవతలివాడికి 25 పాయింట్లు ఇచ్చే వీలుంది. అయినా చాలామంది, తమవాడికి తక్కువ దక్కినా సరే, అవతలివాడికన్నా అతనే ముందుండేలా పంచారు. 1971లో వెలువడిన ఈ ఫలితాలు ఇప్పటికీ కలవరపెడతాయి. తన సమూహం మెరుగ్గా కనబడితే తానూ మెరుగేనన్న భావన మనిషికి కలుగుతుందన్నది దీనికి సిద్ధాంతం ఇచ్చే వివరణ.

సమూహం వ్యక్తిత్వాన్ని మింగేస్తుందని మాత్రం అనుకోకూడదు. కలిసి ఉండాలన్న కోరిక, వేరుగా కనబడాలన్న కోరిక రెండూ మనిషిలో ఉంటాయని మనస్తత్వవేత్త మెరిలిన్ బ్రూవర్ 1991లో ప్రతిపాదించారు. కౌమారంలో ఉన్న పిల్లలను అర్థం చేసుకోవడానికి ఈ సవరణ ఎంతో అవసరం.