గేరు వేస్తే నామోషీనా?

మన హోసూరు, బాగలూరు, సూళగిరి వైపు ఇప్పుడు చాలా ఇళ్ళల్లో గేరు సైకిలు కనిపిస్తోంది. కానీ కొన్న రోజు ఏ గేరులో ఉందో, ఏడాది తర్వాత కూడా అదే గేరులో ఉంటుంది. ఎక్కుడులో తేలిక గేరు వేస్తే తోటివాళ్ళు నవ్వుతారని కుర్రాళ్ళ సంకోచం. మోకాళ్ళు పట్టేసినా సరే, బరువు గేరులోనే తొక్కాలి! ఈ నామోషీ మనవాళ్ళు కనిపెట్టింది కాదు. దానికి 120 ఏళ్ళ చరిత్ర ఉంది, అది మొదలైంది ఫ్రాన్సులో.

అక్కడ సెంత్-ఎతియెన్ అనే ఊరు కొండల నడుమ ఉంటుంది. పోల్ ద వివీ అక్కడి పట్టు వ్యాపారి. సైకిలు మీద మోజుతో 1887లో సైకిళ్ళ కోసమే ఒక పత్రిక పెట్టి, వెలోసియో అనే పేరుతో రాసేవాడు. ఊరి పక్కన 1161 మీటర్ల ఎత్తున్న కనుమ ఉంది. ఒకే పళ్ళ చక్రంతో ఆ ఎక్కుడు కష్టం, తేలిక చక్రం బిగిస్తే చదును మీద కాళ్ళు ఊరికే తిరుగుతాయి. కాబట్టి ఒకే సైకిలుకి రెండు మూడు రకాల చక్రాలు ఉండాలని జీవితాంతం వాదించాడు, తొక్కి చూపించాడు.

ఎదుటి పక్షంలో ఉన్నది ఆంరీ దెగ్రాంజ్. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన పత్రికాధిపతి. గేర్లు నలభై ఐదు దాటినవాళ్ళకేనని 1902లోనే రాశాడు. ఆయన దృష్టిలో గెలవాల్సింది కండ, యంత్రం కాదు. అందుకే పందెంలో గొలుసును ఒక చక్రం మీంచి మరో చక్రానికి జరిపే గేర్లను చాలాకాలం రానివ్వలేదు. రౌతులు ఏం చేసేవాళ్ళంటే, వెనక చక్రానికి రెండు పక్కలా రెండు సైజుల పళ్ళ చక్రాలు పెట్టుకునేవాళ్ళు. కొండ మొదట్లో దిగి, నట్లు విప్పి, చక్రం తిప్పి పెట్టుకుని మళ్ళీ ఎక్కడం. కొండ మీద చలికి వేళ్ళు కొంకర్లు పోతే నట్టు కదిలేది కాదు. ఇటలీ పందెగాడు తుల్లియో కంపన్యోలోకి 1927లో అలాగే అయిందని, చక్రాన్ని చిటికెలో విప్పే మీట ఆలోచన అక్కడే పుట్టిందని చెబుతారు.

దెగ్రాంజ్ జబ్బుపడి 1936లో పగ్గాలు వదిలాడు. 1937లో గేర్లకు అనుమతి వచ్చింది, ఆ ఏడు గెలిచిన రొజె లాపెబీ గేరు సైకిలు మీదే గెలిచాడు. వెలోసియో అది చూడలేదు, 1930లోనే ట్రాము ఢీకొని పోయాడు. (అప్పటికి మన యానాంలో ఎగిరేది కూడా ఫ్రెంచి జెండాయే. అయితే గోదావరి ఒడ్డు చదును నేలలో గేరుతో పనేముంది!)

ఇంతకీ గేరు చేసేది ఏమిటి? ముందు చక్రానికి 44 పళ్ళు, వెనక 11 ఉంటే, పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం నాలుగు చుట్లు తిరుగుతుంది. వెనక 22 పళ్ళదానికి మారిస్తే రెండే చుట్లు. దూరం సగం, కాలి మీద బరువూ సగం. మన చంద్రచూడేశ్వరుని కొండకు రెండేసి మెట్లు ఎక్కినా, ఒక్కో మెట్టు ఎక్కినా చేరేది అదే గుడికి. ఒక్కో మెట్టు ఎక్కేవాణ్ణి చూసి మనం ఎవరమూ నవ్వం కదా.

కృష్ణగిరి నుంచి హోసూరుకి సుమారు 50 కిలోమీటర్లలో 300 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతాం. ఎక్కుడు మొదలయ్యాక, కాలు బిగుసుకున్నాక గేరు మారిస్తే గొలుసు కటకటమని అరుస్తుంది, ఒక్కోసారి జారిపోతుంది. ఎక్కుడు కనిపిస్తుండగానే, పెడలు తిప్పుతూనే, కాలి ఒత్తిడి ఒక్క క్షణం తగ్గించి మార్చాలి. నిలబెట్టిన సైకిలుకి మీట నొక్కకూడదు. ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం ఒకేసారి వాడితే గొలుసు అడ్డంగా లాగుతుంది, తొందరగా అరుగుతుంది. 1984లో షిమానో తెచ్చిన టక్కుటక్కుమనే మీటతో సరైన చోటు వెతుక్కునే పని కూడా పోయింది. ఒక్క టక్కు, ఒక్క గేరు.