గృహచిత్రముల సంరక్షణము: టేపు నుండి కంప్యూటరునకు

గృహస్థుడు తన యింటి శుభకార్యములను కదలు బొమ్మలుగా దాచుకొను వాడుక ఫిలిముతో మొదలైనది. కోడక్ సంస్థ 1932లో ప్రవేశపెట్టిన 8 మిల్లీమీటర్ల ఫిలిమును వెలుగునకు ఎదురుగా పట్టినచో, ప్రొజెక్టరు లేకున్నను అందలి బొమ్మలు కంటికి ఆనును. 1975లో సోనీ వారి బీటామాక్స్, మరుసటి యేడు జేవీసీ వారి వీహెచ్ఎస్ వెలువడి, క్రమముగా మన పెండ్లిపందిళ్లలోనికి సైతము వీడియో కెమెరా ప్రవేశించినప్పుడు సౌలభ్యము పెరిగినది గాని, టేపుపై నున్నది అయస్కాంత సంకేతమే యగుటచే, దానిని చదువు యంత్రము లేనిదే క్యాసెట్టు నిరర్థకమయ్యెను. తరువాతి కథ యంతయు ఈ పరాధీనత నుండి పుట్టినదే.

1995లో డీవీ క్యాసెట్టు వచ్చి దృశ్యమును అంకెలలో నిలిపెను. ఫైర్‌వైర్ తీగ ద్వారా ఆ అంకెలు తరుగులేక కంప్యూటరులోనికి దిగసాగెను. అయితే దిగినదానిని నిలుపుకొనుటకు చోటేది? గంటసేపటి డీవీ దృశ్యమునకు ఇంచుమించు 13 గిగాబైట్లు కావలెను; ఇంటి వీడియోల కూర్పునకే ఉద్దేశించి ఆపిల్ సంస్థ 1999లో ఐమూవీతో అమ్మిన ఐమ్యాక్ డీవీ కంప్యూటరు హార్డ్ డిస్కు 10 గిగాబైట్లు మాత్రమే. కావున కూర్చిన చిత్రమును మరల టేపునకే ఎక్కించి, డిస్కును ఖాళీ చేయవలసి వచ్చెడిది.

ఈ స్థలాభావమే మన యూళ్ల స్టూడియోలలో వీసీడీకి పట్టము గట్టినది. గంటకు మించిన పెండ్లి ఒక్క సీడీలో ఇమిడినదని సంతసించి, మన టీవీ పద్ధతియైన పాల్ చిత్రమున 576గా నుండు గీతలు 288కి కుదింపబడుటను, సెకనుకు 50 అర్ధచిత్రములలో సగము రాలిపోవుటను గమనింపక, మూలమైన క్యాసెట్లను పారవైచినవారు పెక్కురు. బూజు చేసిన నష్టము కంటె ఈ పొదుపు చేసిన నష్టమే హెచ్చని నా యభిప్రాయము. వీహెచ్ఎస్ స్పష్టత ఎట్లును తక్కువే గదా యను వాదము నిలువదు. ఆ కొరత ఒక్కొక్క గీతలోని సూక్ష్మతకు చెందినదే గాని గీతల సంఖ్యకు చెందినది కాదు.

నేడు చోటునకు కొదువ లేదు. ఏ అంశమును విడువక కుదించు ఎఫ్ఎఫ్‌వీ1 వంటి పద్ధతులును కలవు. కాని టేపును చదువు యంత్రములగు వీసీఆర్‌లను చివరివరకు తయారుచేసిన ఫునాయ్ సంస్థయు 2016లో ఆ పని మానివేసినది. గంట టేపును కంప్యూటరులోనికి దించుటకు గంట కాలము పట్టక తప్పదు. సాగిన టేపు వలన గీతలు తడబడినచో వాటిని సవరించు టైమ్ బేస్ కరెక్టరు కావలెను. అమెరికా నుండి బంధువులు పంపిన క్యాసెట్టు అచ్చటి పద్ధతియగు ఎన్‌టీఎస్‌సీది యైనచో దానిని చదువగల వీసీఆర్ వేరుగా వెదకవలెను. అందుచేతనే కొందరు ఔత్సాహికులు హెడ్డు నుండి వెలువడు ముడి సంకేతమునే గ్రహించి, వీసీఆర్ లోని సర్క్యూట్లు చేయు పనిని వీహెచ్ఎస్-డీకోడ్ అను సాఫ్ట్‌వేరు చేత చేయించుచున్నారు. అయినను, టేపును నడుపు మోటారును, తిరుగు డ్రమ్మును పాత యంత్రము నుండియే రావలెను.