మంసాపురం వానలు ఏ కార్తెలో?

మన ఇళ్లలో ఉగాదికి తెచ్చుకునే పంచాంగం చాలావరకు ఆంధ్రలో అచ్చయినదే. మృగశిర కార్తె అంటే, జూన్ 8 నుంచి, అక్కడ తొలకరి. తెలుగు టీవీలోనూ ఆ రోజుల్లోనే నైరుతి వచ్చిందంటారు. అది విని కొత్తగా సాగులోకి దిగిన మన పిల్లలు విత్తనాల సంగతి అడుగుతున్నారు గనక ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కార్తె అంటే సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు. అవి అందరికీ ఒకటే. వాన మాత్రం ఒకటి కాదు. నైరుతి గాలి తేమంతా పడమటి కనుమలకు అవతల, కేరళ వైపే కురిసిపోతుంది. కొండ దిగి మన వైపు వచ్చేసరికి అది వేడెక్కి పొడిబారుతుంది. జూన్, జులైలలో కొండ మీద మబ్బు కమ్ముకుని ఉంటుంది, ఊళ్లో మాత్రం గాలే. సెంగోట కనుమ సందులోంచి ఆ తేమ దూరుతుంది కాబట్టి కుట్రాలంలో జలపాతాలు దూకుతాయి. ఆ చల్లదనం మనకూ కాస్త తగులుతుంది, అంతే. ఆ తుంపర నమ్మి మెట్ట చేలో విత్తితే విత్తనం దండగ.

మన వాన ఈశాన్యం నుంచి రావాలి. మామూలుగా అది అక్టోబరు 20 ప్రాంతంలో మొదలవుతుంది. పంచాంగం లెక్కన స్వాతి (అక్టోబరు 24 నుంచి), విశాఖ, అనూరాధ కార్తెలు. తమిళ లెక్కన ఐప్పసి, కార్తిగై. (మన కార్తీకం దీపావళి మరునాడే మొదలవుతుంది, వాళ్ల కార్తిగై నవంబరు నడుమ. ఇంట్లో ఏ కార్తీకమో అడిగి తెలుసుకోండి!) తమిళనాట ఏడాది వానలో దాదాపు సగం అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. కొండవాగులు పారి చెరువులు అలుగు పోసేది అప్పుడే.

శ్రీలంకను చూస్తే ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ఆ దీవి నడుమ కొండలున్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా కొలంబో, రత్నపుర వైపు కుండపోత, కొండలకు ఇవతల అనురాధపుర వైపు పొడిగాలి. అక్కడి రైతుకు పెద్ద పంట 'మహా', ఈశాన్యపు వానతో పండేది. మన లెక్క ఆ రైతు లెక్కే. కనుక నవంబరులో ఆంధ్ర తీరపు వాయుగుండం కన్నా శ్రీలంక దగ్గర పుట్టి కన్యాకుమారి వైపు కదిలే అల్పపీడనం మనకు ముఖ్యం.

అది మరీ ముదిరినా చిక్కే. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో కన్యాకుమారి సముద్రం మీది ఆవర్తనం వల్ల కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో 90 సెంటీమీటర్లకు పైగా పడింది. తిరునెల్వేలి, తూత్తుక్కుడి జిల్లాలు నీట మునిగాయి.

పంచాంగం మానమని మేము అనడం లేదు. దుక్కి, ఎరువు పనులు హస్త, చిత్త కార్తెల్లోనే ముగించుకుని, మెట్ట విత్తనం స్వాతి వాన తడిసిన నేలలో వేయండి. చెరువు కాలువల్లో ముళ్లకంప, పూడిక తీయడం సెప్టెంబరులోపే కావాలి. వాన మొదలయ్యాక కాలువలోకి మనిషి దిగలేడు.