బోదకొట్టం: కప్పు, నేల, కాగితం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు గడ్డి కప్పిన ఇంటిని బోదకొట్టం అంటాం. పక్కా ఇళ్ల పథకాలు ఎన్ని వచ్చినా దళితవాడల్లో ఇవి పూర్తిగా పోలేదు. కొందరికి అదే ఇల్లు. కొందరికి పక్కా ఇంటి వెనక వంటపాక. కొట్టాన్ని నిలబెట్టుకోవాలంటే కప్పునూ కాపాడుకోవాలి, కింద నేల మీద హక్కునూ కాపాడుకోవాలి. మొదటి పని మన పెద్దలకు చేతనైనదే. రెండోదాంట్లోనే మనం ఎక్కువగా నష్టపోతున్నాం.

కప్పు సంగతి

వానలు వెనకబట్టి గడ్డి ఎండాక బోద కోస్తారు. చెరువు కట్టలు, గుట్టల వాలు, బంజర్లు దానికి తావులు. బంజరు ఎవరి చేతికైనా పోతే గడ్డి కూడా కొనుక్కోవాల్సిందే. కప్పడం చూరు దగ్గర మొదలై కొప్పు దాకా సాగుతుంది. పై వరుస కింది వరుస మీదికి వాలితేనే నీళ్లు జారతాయి. వాలు తక్కువైతే గడ్డి నాని కుళ్లుతుంది. ముందుగా పాడయ్యేది కొప్పే. ఇక్కడ నైరుతి వానల తర్వాత అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య వానలూ పడతాయి కాబట్టి మరమ్మతు ఎండాకాలంలోనే ముగించాలి. చూరు గోడకు బాగా ముందుకు రావాలి, లేకుంటే జల్లుకు మట్టిగోడ కరుగుతుంది. వాసాలకు చెదలు పట్టిందేమో చూసుకోవాలి. కరెంటు తీగ గడ్డికి తగలకుండా పైపులో వేయించాలి. కప్పు వేసిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ కూలి పోగొట్టుకునే రోజులు ఏ లెక్కలోకీ రావు.

నిప్పు ప్రమాదమే కాదు

గడ్డికప్పుకు నిప్పును ఆయుధంగానూ వాడారు. 1968 డిసెంబరు 25న తమిళనాడులోని కీళ్‌వెన్మణిలో, కూలి పెంచమని పోరాడుతున్న దళిత కుటుంబాల వాళ్లు ఒక గుడిసెలో తలదాచుకుంటే భూస్వాముల మనుషులు దానికి నిప్పు పెట్టారు. 44 మంది కాలిపోయారు. హైకోర్టులో భూస్వాములు నిర్దోషులుగా బయటపడ్డారు.

ఇవాళ 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. దళితుల నివాసాన్ని నాశనం చేయాలని నిప్పు పెడితే సెక్షన్ 3(2) నాలుగో క్లాజు కింద యావజ్జీవ శిక్ష పడుతుంది. ఇల్లు, ఊరు విడిచిపోయేలా చేయడం సెక్షన్ 3(1)(జెడ్) కింద నేరం. ఆ ఇల్లు ధ్వంసమైతే ప్రభుత్వ ఖర్చుతోనే తిరిగి కట్టించాలని ఈ చట్టం నిబంధనలు చెబుతున్నాయి.

ఒక్క మాటతో తేడా

ఇంగ్లండులో ఎన్నో గడ్డికప్పు ఇళ్లు వారసత్వ కట్టడాలుగా చట్టరక్షణ పొందుతున్నాయి. మన దగ్గర అదే కప్పు ఇంటి విలువను తగ్గించే గుర్తు అయింది. 2022-23 నుంచి 2025-26 దాకా వర్తించే విపత్తు సహాయ నిబంధనల ప్రకారం, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన కచ్చా ఇంటికి 1,20,000 రూపాయలు. గుడిసెకు 8,000. గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టలతో వేసిన, కచ్చా ఇంటికన్నా తక్కువైన తాత్కాలిక నివాసమే గుడిసె అని అందులోని నిర్వచనం.

అంటే పంచనామాలో రాసే ఒక్క మాటకు 1,12,000 రూపాయల తేడా. పునాది, మట్టిగోడ, తలుపు ఉండి ఏళ్ల తరబడి కాపురమున్న కొట్టం తాత్కాలికం కాదని మనం వాదించాలి. సంతకమో వేలిముద్రో పెట్టేముందు ఆ మాట చదివించుకోవాలి.

నేల కాగితం

అధికారులు గుర్తించిన కట్టడమై ఉండాలన్నది మరో షరతు. పట్టా లేని కుటుంబాలు ఇక్కడే ఆగిపోతాయి. ఇతరుల నేలలో కొట్టం వేసుకున్న వ్యవసాయ కూలీలకు, చేతివృత్తుల వాళ్లకు ఆ నివేశన స్థలం మీద హక్కు కల్పించేందుకు ఆంధ్రప్రదేశ్‌లో 1976లోనే చట్టం వచ్చింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మార్గదర్శకాల ప్రకారం స్థలం లేని లబ్ధిదారుకు స్థలం చూపే బాధ్యత రాష్ట్రానిదే. తహసీల్దారుకు ఇచ్చే అర్జీలో ఈ రెండింటినీ పేర్కొనాలి, అందినట్టు రశీదు తీసుకోవాలి.

ఈ ఎండాకాలం కప్పు వేసేటప్పుడే కార్యకర్తలు, విద్యార్థులు వాడవాడకూ వెళ్లి ఒక పని చేయవచ్చు. ప్రతి కొట్టానికీ నాలుగు వైపులా తేదీతో ఫోటో తీయండి. పునాది, గోడలు కనబడాలి. ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లు, పట్టా ఉంటే దాని నకలు కలిపి ఒక ప్రతి ఇంట్లో, ఇంకో ప్రతి ఊరి బయట నమ్మకమైన చోట ఉంచండి. కొట్టం కాలితే లోపలున్న కాగితం కూడా కాలిపోతుంది.