లవీనియా నుంచి జేడ్ దాకా: యువజన పునఃకథనాలలో ప్రతీకారం

ఆంగ్లంలో కౌమార పాఠకులకోసం వెలువడుతున్న నవలల్లో షేక్‌స్పియర్ విషాదాంతాల పునఃకథనాలు ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడ్డాయి. 2006లో లీసా క్లైన్ రాసిన 'ఒఫీలియా'లో నాయిక మరణించినట్లు నటించి, ఎల్సినోర్ నుంచి తప్పించుకుని ఒక కాన్వెంటును ఆశ్రయిస్తుంది. అక్కడ ఆమెకు దక్కినది ప్రాణం. ప్రతీకారం హామ్లెట్ పనిగానే మిగిలింది. 2020లో వచ్చిన హన్నా కేపిన్ నవల 'ఫౌల్ ఈజ్ ఫెయిర్' ఆ పనిని బాధితురాలి చేతికే ఇచ్చింది.

ఇది 'మేక్‌బెత్'కు పునఃకథనం. మూలనాటకాన్ని నడిపేది రాజ్యకాంక్ష. కేపిన్ ఆ కాంక్షను మేక్‌బెత్ స్థానంలో ఉన్న మేక్‌కు వదిలి, అతని భార్య పాత్రకు వేరొక కారణం కల్పించింది. లాస్ ఏంజెలెస్‌లో ఒక సంపన్న పాఠశాల విద్యార్థులు ఒక విందులో పదహారేళ్ల అమ్మాయిపై అత్యాచారం చేస్తారు. ఆమె జుట్టు కత్తిరించి, జేడ్ పేరుతో అదే పాఠశాలలో చేరుతుంది. మంత్రగత్తెల స్థానంలో ముగ్గురు స్నేహితురాళ్లు నిలుస్తారు. ఆమె ఇంటిపేరు ఖంజారా. ఉర్దూలో ఖంజర్ అంటే బాకు. మేక్‌బెత్ కళ్లముందు గాలిలో తేలిన బాకు ఈ పేరులోకి వచ్చిందని నా ఊహ.

ఈ మార్పును 2017 నాటి 'మీటూ' ఉద్యమ ప్రతిధ్వనిగా మాత్రమే చదవడం సులభం, కాని చాలదు. ఈ కథాక్రమానికి మూలం చాలా ప్రాచీనం. ఓవిడ్ 'మెటమార్ఫొసెస్' ఆరవ భాగంలో టీరియస్ ఫిలొమెలాను చెరిచి నాలుక కోస్తాడు. ఆమె జరిగినది వస్త్రంలో నేసి అక్క ప్రోక్నీకి పంపుతుంది. శిక్షను నిర్ణయించేదీ అమలు చేసేదీ ఆ ఇద్దరు స్త్రీలే. షేక్‌స్పియర్ 'టైటస్ ఆండ్రోనికస్'లో లవీనియా ఈ ఓవిడ్ గ్రంథాన్నే తెరచి తన గతి తెలుపుతుంది. నోట కర్ర పట్టి ఇసుకలో నేరస్థుల పేర్లు రాస్తుంది. అంతవరకే ఆమె స్వాతంత్ర్యం. గొంతులు కోసేది తండ్రి టైటస్. మొండిచేతుల మధ్య పళ్లెం పట్టి ఆ నెత్తురు అందుకోవడమే ఆమె వంతు. చివరికి పరువు పేరుతో ఆమెనూ తండ్రే చంపుతాడు. (మనకు ద్రౌపది స్ఫురించడం సహజం, అక్కడా ప్రతిజ్ఞ తీర్చినవాడు భీముడే.) ఓవిడ్ స్త్రీలకిచ్చిన ప్రతీకారాన్ని ఎలిజబెతన్ రంగస్థలం తండ్రికి అప్పగించింది. కేపిన్ దానిని, తెలిసో తెలియకో, మళ్లీ ఓవిడ్ దగ్గరికి చేర్చింది.

అయితే లేడీ మేక్‌బెత్ అయిదవ అంకంలో నిద్రలో నడుస్తూ కడుక్కునే చేతుల మాటేమిటి? జేడ్‌కు ఆ పశ్చాత్తాపం లేదు. విషాదాంత లక్షణం ఇక్కడ భంగపడిందనే విమర్శకు ఇది తావిస్తుంది. ఆ విమర్శను నేను పూర్తిగా అంగీకరించలేను. ప్రతీకారానికి మూల్యం చెల్లించినవారు నవలలో ఉన్నారు. జేడ్‌పై జరిగిన దాడిలో మేక్ పాల్గొనలేదు. ఆమె ఎవరో కూడా అతనికి తెలియదు. అతని ఆశను, ప్రేమను ఆయుధంగా మలచి ఆమె అతనిచేత హత్యలు చేయిస్తుంది. టీరియస్‌ను శిక్షించడానికి ప్రోక్నీ చంపినది అతణ్ణి కాదు, ఏ పాపమూ ఎరుగని తన కొడుకు ఇటిస్‌ను. నవలలో ఇటిస్ స్థానం మేక్‌ది. బాధితురాలి పక్షాన నిలిచి చదువుతున్న కౌమార పాఠకురాలిని రచయిత్రి ఇబ్బందిలోకి నెట్టేది ఇక్కడే, అదీ ఎక్కడా వ్యాఖ్యానించకుండా.