రినైసాన్స్ ఫెయిర్
మొదటి ఎలిజబెత్ రాణి కాలంనాటి ఇంగ్లండ్ సంతను తలపించేలా అమెరికాలో జరిపే ఆరుబయలు వేడుక. 1963లో లాస్ ఏంజెలిస్‌లో ఉపాధ్యాయురాలు ఫిలిస్ ప్యాటర్సన్, ఆమె భర్త రాన్ కలిసి, కేపీఎఫ్‌కే రేడియోకు విరాళాలు సేకరించేందుకు దీన్ని మొదలుపెట్టారు. హ్యూస్టన్‌కు వాయవ్యంగా టాడ్ మిషన్‌లో 1974 నుంచి జరుగుతున్న టెక్సాస్ ఉత్సవం దేశంలోని పెద్దవాటిలో ఒకటి. శరదృతువులో వారాంతాల్లో నడుస్తుంది.

స్నేహితులు గుంపుగా వెళ్తేనే దీని అసలు సరదా. వేషం వేసుకోవడం తప్పనిసరి కాదు, చాలామంది మాత్రం వేసుకునే వస్తారు. అందరూ ఎదురుచూసేది గుర్రపు ఈటెల పోటీ. కవచం తొడిగిన ఇద్దరు రౌతులు అడ్డుకంచెకు చెరోవైపు నుంచి దూసుకొస్తారు. చాలాచోట్ల ఈటె మొనను తేలికపాటి చెక్కతో చేస్తారు కాబట్టి డాలుకు తగలగానే ఫెళ్లున విరిగి ముక్కలు ఎగురుతాయి. ప్రేక్షకులు ఎవరి వీరుడికి వాళ్లు ‘హుజ్జా’ అంటూ కేకలు పెడతారు.

చేత్తో పట్టుకుని కొరుక్కుతినే టర్కీ కోడి కాలు ఇక్కడి పేరుపడ్డ తిండి. టర్కీ అమెరికా పక్షి. ఇంగ్లండ్‌కు చేరిందే 16వ శతాబ్దంలో. నాటి పల్లెసంతలో పేదవాడికి అది దక్కి ఉండదు. చరిత్ర ఇలా అక్కడక్కడా సడలినా పనితనంలో కల్తీ లేదు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుమును దాగలి మీద సాగగొడుతుంటే, గాజు ఊదేవారు, కుమ్మరులు, తోలుపనివారు కొనేవాళ్ల కళ్లెదుటే వస్తువులు తయారుచేస్తారు. అమెరికాలో చేతివృత్తుల వాళ్లకు ఇలాంటి ఉత్సవాలు నిజమైన జీవనాధారం. ఒక ఊరి ఉత్సవం ముగియగానే మరో ఊరికి బయల్దేరేవాళ్లు వాళ్లలో ఎందరో.